ఇరవై ఒక్క కొట్టివేతలు

జాకెట్ల సీతారత్నం దగ్గరికి వెళ్లి, చేతులు బిగిశాయని చెప్పి వదులు చేయించాలి.
బంతిభోజనాలకి అరిటాకులు లంకలో ముందుగా చెప్పి ఉంచాలి.
ఆఫీసులో నలభై మూడు ఫైళ్లున్నాయి. సెలవు పెట్టేలోపు వాటి సంగతి చూడాలి.
విడిదింట్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయో లేదో చూడాలి.
పూతరేకులు ఒక్కరోజు ముందే తేవాలి. ఇంకా ముందు తెస్తే మెత్తబడతాయి.
ఆఫీసరుగారికి శుభలేఖ స్వయంగా ఇవ్వాలి.
నాన్నకి కొత్త చెప్పులు కొనాలి. వద్దంటాడు. కొనాలి.
పెళ్లిలో అచ్చియ్యమ్మ దొడ్డ పాడ్డానికి కాగితం సంపాదించాలి.

ఇదీ పెళ్లికి పద్దెనిమిది రోజుల ముందు సత్యవేణి తన ఆఫీసు డైరీలో రాసుకున్న జాబితా. నాన్న చెప్పులతో సహా మొదటి ఏడు పనులకీ వారంలో ఒక దారి దొరికింది. చిక్కంతా ఎనిమిదోదాని దగ్గరే వచ్చింది.

గుమ్మడిలంకలో ఒక ఆచారం ఉంది. మగపెళ్లివారు బంతిలో కూర్చుని విస్తరి ముందు చెయ్యి పెట్టగానే, ఆడపెళ్లివారి తరఫు ఆడవాళ్లు పెళ్లికొడుకు తల్లి మీద ఎగతాళి పాట ఎత్తుకుంటారు. నలభై అయిదేళ్లుగా ఆ ఊళ్లో ఆ పాట ఎత్తుకునేది అచ్చియ్యమ్మే. సత్యవేణి తల్లికి అక్క. చదువు రాదు. వియ్యపురాల్ని గ్లాసుడు మంచినీళ్లు తాగినంతసేపు చూస్తుంది, అంతే, పాట వచ్చేస్తుంది. ఆవిడ చేత మాట పడని వియ్యపురాలు ఆ చుట్టుపక్కల లంకల్లో లేదు. ఒకావిడైతే తన మీద నాలుగు చరణాలే పాడిందనీ, తోటికోడలి మీద ఏడు పాడిందనీ మూడేళ్లు అచ్చియ్యమ్మతో మాట్లాడలేదు.

ఎంత ఎగతాళి చేసినా చివర్లో ఒక చరణం ఉంటుంది. అందులో ఎగతాళి ఉండదు. అన్న మాటలన్నీ మామీదే ఉంచుకో, పిల్ల మీద చూపించకు అని వియ్యపురాల్ని బతిమాలే చరణం అది. వీధిలో ప్రతి ఆడపిల్ల పెళ్లికీ ఆ చరణం విని, తన వంతు ఎప్పుడొస్తుందా అని లెక్కపెట్టుకున్న పిల్ల సత్యవేణి. తల్లి కూలికి వెళితే అచ్చియ్యమ్మ ఒళ్లోనే పెరిగింది. అచ్చియ్యమ్మకి పిల్లల్లేరు. అందుచేత జాబితాలో ఎనిమిదో పని జరక్కపోతే పై ఏడూ జరిగి లాభం లేదు.

కాగితం అవసరం ఎందుకొచ్చిందంటే, సొంపుసోకు ఈవెంట్స్ అనే పెళ్లిళ్ల సంస్థ నుంచి అచ్చియ్యమ్మకి నోటీసు వచ్చింది. ఆ సంస్థ యజమాని బులిరాజు కిందటేడు ఒక పెళ్లిలో ఆవిడ పాటని సెల్లులో పట్టుకున్నాడు. తీసుకెళ్లి పాటలల్లే యంత్రానికి వినిపించాడు. సాయంత్రానికి అది నలభై పాటలు కక్కింది. నలభైకీ తన పేరు మీద హక్కు రాయించుకున్నాడు.

"ఏం రాశాడే?" అంది అచ్చియ్యమ్మ, నోటీసు తలకిందులుగా పట్టుకుని.

సత్యవేణి తిప్పి చదివింది. "'మా సంస్థకు చెందిన పాటలను పోలిన పాటలను తమరు గత నలభై అయిదేళ్లుగా పాడుచున్నట్లు మా దృష్టికి వచ్చినది. తక్షణం మానుకొనవలెను.'"

"ఆళ్ల పాటలు ఎప్పుడు పుట్టాయంట?"

"పోయినేడు, దొడ్డా."

"అయితే నాకు ముందే తెలిసిపోయిందన్నమాట," అంది అచ్చియ్యమ్మ, కొంచెం గర్వంగానే.

ఇంకో ఇంట్లో అయితే ఏడుపులు మొదలయ్యేవి. సత్యవేణికి మాత్రం ధైర్యంగానే ఉంది. పాటలూ పద్యాలూ ఎవరివో తేల్చే జిల్లా మూలకృతి నిర్ధారణ కార్యాలయంలోనే ఆమె జూనియర్ అసిస్టెంటు. ఆ ఇంటిపేరులో డిగ్రీ చదివినదీ, ప్రభుత్వం వారి కుర్చీలో కూర్చున్నదీ ఆమే మొదలు. కాగితం సవ్యంగా ఉంటే పని సవ్యంగా అవుతుందని ఆమె నమ్మకం. ఆ నమ్మకంతోనే తొమ్మిది పోటీపరీక్షలు రాసింది.

ఆ కార్యాలయం పుట్టుక గురించి ఒక మాట చెప్పాలి. యంత్రాలు పద్యాలు రాయడం మొదలుపెట్టాక, మనిషి చెయ్యి పడని కృతి మీద ఎవరికీ హక్కు లేదని తేల్చారు. అంతవరకూ బాగానే ఉంది. మరి ఏది మనిషిది, ఏది యంత్రానిది? దీని మీద ఒక సంఘం వేశారు. సంఘం వారు ఏడు నగరాలు తిరిగి, ఏడు చోట్లా భోంచేసి, ఒక సత్యం కనిపెట్టారు. యంత్రం కొట్టివేయదు, మనిషి కొట్టివేస్తాడు. కాబట్టి ప్రతి రచయితా తన దరఖాస్తుతో పాటు చిత్తుప్రతి జతచేయాలి, అందులో కొట్టివేతలు ఉండాలి. ఎన్ని? పదకొండు చాలని కొందరు, ముప్పై ఉండాలని కొందరు పట్టుబట్టారు. చివరికి శుభసంఖ్య అని ఇరవై ఒకటి ఖాయం చేసి జీవో ఇచ్చారు.

జీవో వచ్చిన వారానికి ఆఫీసు గేటు పక్కన టార్పాలిన్ కింద భూముల దస్తావేజులు రాసుకునే తాతబ్బాయి తన బోర్డు మార్చేశాడు. "ఇచ్చట చిత్తుప్రతులు తయారుచేయబడును." శుభ్రంగా రాసుకొచ్చిన కవిని కూర్చోబెట్టి మర్యాదగా అడిగేవాడు.

"ఏ రకం చిత్తు కావాలండి? ఆవేశం చిత్తా, ఆలోచన చిత్తా?"

"తేడా ఏమిటి?"

"ఆవేశం అయితే కాయితం చిరుగుతాదండి, గీతలు అడ్డదిడ్డంగా ఉంటాయి. ఆలోచన అయితే మార్జిన్లో ప్రశ్నార్థకాలూ, రెండు టీ మరకలూ ఏస్తానండి. మీ వయసుకి ఆలోచన బాగుంటాదండి."

ఇలా రచన ముందు, చిత్తు తర్వాత పుట్టే పద్ధతి జిల్లాలో స్థిరపడింది. ఒక పెద్దాయన ముప్పై ఏళ్లనాటి తన పద్యాలకి అసలైన చిత్తు తెచ్చాడు. అందులో పందొమ్మిది కొట్టివేతలే ఉండటంతో తిప్పి పంపారు. ఆయన అక్కడికక్కడే కోపంతో ఇంకో రెండు మంచి మాటలు కొట్టేసి, హక్కు పట్టుకుపోయాడు.

బులిరాజు తాతబ్బాయి దగ్గరికి రాలేదు. పాటలు అల్లిన యంత్రాన్నే చిత్తులు కూడా అల్లమన్నాడు. అది ఒక్కో పాటకి నాలుగు వందల కొట్టివేతలతో ఇచ్చింది. ఒకదాని మీద కన్నీటిచుక్క పడి సిరా కరిగిన గుర్తు కూడా ఉంది. జిల్లా మూలకృతి నిర్ధారణాధికారి పరబ్రహ్మంగారు భూతద్దం పెట్టి చూసి నిట్టూర్చారు.

"చూడమ్మా సత్యవేణీ, ఎంత తపించాడో పాపం!"

"సార్, నలభై పాటలూ ఒకే తేదీ వేసున్నాయండి. ఒక్కోదానికి నాలుగొందలు. ఒక్కరోజులో పదహారు వేల కొట్టివేతలు మనిషి వల్ల అవుతుందాండి?"

పరబ్రహ్మంగారు కళ్లద్దాలు నుదుటి మీదికి తోశారు. అది ఆయన నియమావళి చెప్పబోయే ముందు చేసే పని. "అమ్మా, స్వల్పశ్రమను అనుమానించవలెనని జీవోలో ఉన్నది. అధికశ్రమను అనుమానించవలెనని ఎక్కడా లేదు. లేనిదాన్ని మనం కల్పించరాదు. కల్పన దరఖాస్తుదారుల పని." నలభై పాటల మీదా 'ప్రథమశ్రేణి మానవశ్రమ' అని ముద్ర పడింది.

దొడ్డకి నోటీసు వచ్చాక సత్యవేణి మళ్లీ అడిగింది. "ఆ పాటలకి మూలం మా దొడ్డ పాట కదండి?"

"మీ దొడ్డగారి పాట నమోదు కాలేదు. నమోదు కాని మూలం నుంచి పుట్టినది ఉత్పన్నం కాదు, మూలమే. కాబట్టి ప్రస్తుతం మీ దొడ్డగారిదే ఉత్పన్నం. అది ముందుగా పుట్టిందన్నది జన్మసంబంధమైన విషయం. దానికి మునిసిపాలిటీ ఉన్నది."

ఆ సాయంత్రం గేటు దగ్గర తాతబ్బాయి ఆపాడు. "ఏంటమ్మా అలా ఉన్నారు? మీ దొడ్డగారి పాటలు చెప్పండి, నేను రాసేసి కొట్టేసి పెడతాను. రూపాయి వద్దు. పెళ్లికానుక అనుకోండి. కన్నీటిచుక్కలు రెండేస్తాను."

"వద్దు బాబాయ్. చిత్తు నిజమా కాదా అని చూసి సంతకం పెట్టేది నేనే. నా బల్లమీదికి నేనే దొంగచిత్తు ఎలా పంపను?"

"అందరూ పంపుతున్నారు కదమ్మా."

"ఆళ్లెవరూ నా బల్లకాడ కూకోరు కదా."

తాతబ్బాయి ఆమెను కొత్తరకం పురుగును చూసినట్టు చూసి, టీ ఇప్పించాడు.

సత్యవేణి జీవో మొత్తం మళ్లీ చదివింది. తొమ్మిదో నిబంధన దొరికింది. నిరక్షరాస్యులు అధికారి ఎదుట పాడవచ్చు. పాటలో తడబాటు, ఆగుట, వెనక్కిపోయి మళ్లీ ఎత్తుకొనుట, ఒక్కొక్కటీ ఒక్కో కొట్టివేతగా లెక్క. దరఖాస్తు నింపింది, అచ్చియ్యమ్మ వేలిముద్ర వేయించింది, విచారణ తేదీ తెచ్చుకుంది.

"పాడేటప్పుడు కొంచెం తడుముకో దొడ్డా," అని ఆ వారమంతా నూరిపోసింది.

"తడుముకోననే కదే నన్ను పెళ్లిళ్లకి పిలిచేది?"

"ఇది పెళ్లి కాదు. ఆఫీసు. ఇక్కడ తడుముకోవాలి. ఇరవై ఒక్కసారి."

"మీ ఆఫీసులో అందరూ అంతేనా?"

"అంతే."

"సరే అయితే," అంది అచ్చియ్యమ్మ జాలిగా.

విచారణ నాడు అచ్చియ్యమ్మ నూలుచీర కట్టుకుని, చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చింది. పరబ్రహ్మంగారు రిజిస్టరు తెరిచి, ఎర్రపెన్ను మూత తీసి, "దరఖాస్తుదారు తన సృజనాత్మక ప్రక్రియను ప్రారంభించవచ్చును," అన్నారు.

"ఏమన్నారే?"

"పాడమన్నారు దొడ్డా."

"ఊఁ..." అంది అచ్చియ్యమ్మ, చెప్పిన పాఠం గుర్తు తెచ్చుకుని. "ఆఁ..." అంది. సత్యవేణి ప్రాణం లేచొచ్చింది. రెండు! ఇంకా పందొమ్మిది!

సరిగ్గా అప్పుడు పరబ్రహ్మంగారికి రిజిస్టరు గళ్లు ఆనలేదు. కళ్లద్దాల కోసం బల్లమీద తడిమారు, సొరుగు లాగారు, అటెండరు మీద కేకేశారు. అచ్చియ్యమ్మ ఆయన్ని గ్లాసుడు మంచినీళ్లు తాగినంతసేపు చూసింది. ఇక ఆమెను ఆపడం సత్యవేణి వల్ల కాలేదు.

"కాయితాల దొరగారూ కళ్లద్దాలు ఎతికారూ
బల్లకింద ఎతికారూ బంట్రోతునీ తిట్టారూ
సొరుగు లాగి ఎతికారూ సొమ్ము పోయిందన్నారూ
నెత్తినెక్కి కూకున్నవీ నవ్వుకుంటా సూశాయీ!"

అటెండరు ఫైలు అడ్డం పెట్టుకున్నాడు. కిటికీ బయట తాతబ్బాయి టీగ్లాసు ఒలికింది. గుమ్మంలో నిలబడ్డ దఫేదారు నవ్వు దగ్గుగా మార్చబోయి, అవక, బయటికి పరిగెత్తాడు. పరబ్రహ్మంగారు నుదుటి మీంచి అద్దాలు కిందికి దించుకుని, రిజిస్టరులో తీరుబాటుగా రాశారు. 'ఎగతాళి: నిర్ధారితం. నవ్వినవారు: ముగ్గురు (అధికారి మినహా). తడబాట్లు: శూన్యం.'

"సార్, ఊఁ అంది, ఆఁ అంది కదండి?"

"పాట ప్రారంభానికి ముందు వచ్చిన దగ్గు, ఊఁ, ఆఁ వగైరాలు పరిగణనలోకి రావు." తర్వాత చాలాసేపు ఆలోచించి ఉత్తర్వు చెప్పారు. "దరఖాస్తుదారు ఎట్టి పూర్వసన్నాహమూ లేక, ఎట్టి తడబాటూ లేక, అడిగిన తక్షణం కృతిని వెలువరించినారు. ఇవి మూడూ యంత్రలక్షణములు. కావున వీరిని యంత్రతుల్యులుగా పరిగణించి దరఖాస్తు తిరస్కరించడమైనది. కృతికర్త గడి ఖాళీగా ఉంచవలెను."

మెట్లు దిగుతూ అచ్చియ్యమ్మ అడిగింది. "చివర్లో ఏమన్నాడే?"

"నువ్వు మిషనువట దొడ్డా."

అచ్చియ్యమ్మ రెండు మెట్లు ఆలోచించింది. "కుట్టేదా, రుబ్బేదా?"

పెళ్లి ఇంకా వారం ఉంది. సత్యవేణి మధ్యాహ్నం క్యారేజీ మూత తీయకుండా జీవో ముందు కూర్చుంది. చదవగా చదవగా ఆమెకి ఒకటి తట్టింది. యంత్రానికి హక్కు లేదు నిజమే. అయితే యంత్రానికి నోటీసు ఇచ్చే వీలు కూడా జీవోలో లేదు. నోటీసు 'వ్యక్తి'కే ఇవ్వాలి. దొడ్డ వ్యక్తి కాదని ఆఫీసే ముద్ర వేసింది. వెంటనే ఫైలు మీద నోటు పెట్టింది. 'యంత్రతుల్యులకు జారీ అయిన నోటీసు చెల్లదని మనవి.' పరబ్రహ్మంగారు మురిసిపోయారు. "ఇది చట్టం, అమ్మా! ఇదీ చట్టమంటే!" అని ఆమోదించారు.

మర్నాడు బులిరాజు వచ్చాడు. నల్లద్దాలు, నవ్వుమొహం. "మంచి పాయింటేనండి. మరి మిషనంటే స్విచ్చి నొక్కేవాడొకడు ఉంటాడు కదండి? నొక్కినోడిది బాధ్యత. నోటీసు ఆ నొక్కినోడికి ఇప్పించండి."

పరబ్రహ్మంగారు దాన్ని కూడా ఆమోదించారు. 'సదరు యంత్రతుల్యులను పాడవలసిందిగా కోరినవారు ఎవరైనను నిర్వాహకులుగా పరిగణింపబడి శిక్షార్హులగుదురు' అని సత్యవేణి చేతనే టైపు చేయించారు. ఆ కాగితం ఇంట్లో చదివితే అందరూ నోళ్లు కుట్టేసుకున్నారు. అచ్చియ్యమ్మ ఒక్కత్తే అడిగింది.

"ఎవరూ నొక్కకుండా నా అంతట నేను పాడితేనో?"

"దానంతటది నడిచే మిషన్ని మరమ్మతుకి పంపాలని ఉంది దొడ్డా."

బులిరాజు మనసు మంచిది. "పాట లేకుండా పెళ్లేంటండి మేడమ్? నా ముద్ర పడిన పాట పెట్టె ఒకటి పంపుతాను. ఉచితం." పాట అన్నది ఉండి తీరాలని నాన్న ఒప్పుకున్నాడు. దానికీ ఒక ఫారం ఉంది. ఎగతాళి చేయబడు వ్యక్తి ముందుగా చదివి, అనుమతి ఇవ్వాలి. 'కింది పంక్తులలో తమకు అభ్యంతరకరమైనవి కొట్టివేయుడు.' పెళ్లికొడుకు తల్లి మంగాయమ్మ నలుగురిలో నవ్వుతూ తిరిగే మనిషి. కానీ పెన్ను చేతికిచ్చి, నీకు నచ్చనివి కొట్టెయ్యమంటే ఎవరైనా ఏం చేస్తారు? లావు అన్నది కొట్టేసింది. తిండి అన్నది కొట్టేసింది. కొడుకు మీద మమకారం ఎక్కువన్నదాన్ని రెండుసార్లు కొట్టేసింది. పదిహేడు పంక్తులు పోగా మూడు మిగిలాయి. ఆ కొట్టివేతలన్నీ కూడా బులిరాజు శ్రమఖాతాలోనే జమయ్యాయి.

పెళ్లి పొద్దుటి ముహూర్తానికే అయిపోయింది. మధ్యాహ్నం బంతి వేశారు. పరబ్రహ్మంగారు అతిథి హోదాలో ఒక గోడగడియారమూ, అధికారి హోదాలో రిజిస్టరూ తెచ్చి, బంతి చివర కుర్చీ వేయించుకున్నారు. మగపెళ్లివారు కూర్చున్నారు. మంగాయమ్మ చీర కుచ్చిళ్లు సర్దుకుని, విస్తరి ముందు నవ్వు ఆపుకుంటూ ఎదురుచూసింది. బులిరాజు పెట్టె పాడింది.

"వియ్యపురాలు వచ్చెను. వియ్యపురాలు కూర్చొనెను. వియ్యపురాలు కాఫీ తాగెను."

పెట్టె ఆగింది. చప్పట్లు కూడా పెట్టెలోంచే వచ్చాయి. బంతిలో మాత్రం గరిటె చప్పుడు లేదు.

మంగాయమ్మ మొహంలో నవ్వు కాస్త కాస్త దిగిపోయింది. ముద్ద కలపబోయిన చెయ్యి విస్తరి మీంచి తీసేసింది.

"అంతేనా?" అంది.

బులిరాజు పెట్టెని ఒకసారి తట్టి చూశాడు.

"మా పెద్దోడి పెళ్లిలో ఆళ్లు నామీద గంటసేపు పాడారు. నా ముక్కు మీదే మూడు చరణాలు! ఇక్కడ నేనొచ్చానంట, కూకున్నానంట, కాఫీ తాగానంట. ఏం, నేను పరాయిదాన్నా? కరెంటు బిల్లు కట్టడానికొచ్చానా?"

"తమరే కొట్టేశారు కదండి," అన్నాడు నాన్న, కొత్త చెప్పుల్లో నిలబడలేక నిలబడుతూ.

"నేను కొట్టేస్తే మీరు ఊరుకోడమేనా బావగారూ? వద్దంటే మానేస్తారా ఎవరైనా?" అంటూ లేచింది. వియ్యపురాలు విస్తరి ముందు నుంచి లేస్తే ఆ లంకల్లో అది ఏడేళ్లు చెప్పుకునే మాట. ఆ మాట కోడలు అత్తింట్లో మోయాలి. నుదుట బాసికంతో సత్యవేణి రాయిలా నిలబడిపోయింది.

మంగాయమ్మ చెయ్యి కడుక్కోడానికి వెళ్లలేదు. తిన్నగా వెళ్లి స్తంభం పక్కన తలొంచుక్కూర్చున్న అచ్చియ్యమ్మ ముందు నిలబడింది.

"ఏం వదినా, నోట్లో బెల్లంముక్కెట్టుకున్నావా? నీ పేరు ఇని ఇనే ఈ సంబంధం ఖాయం చేశాను. నన్నొక్క మాటనవా?"

"నేను మిషన్నంట వదినా. ఎవరో ఒకరు స్విచ్చి నొక్కాలంట. నొక్కినోళ్లకి శిక్షంట."

"ఎక్కడుంది స్విచ్చి?" అని మంగాయమ్మ తన బలమైన వేలితో అచ్చియ్యమ్మ భుజం మీద ఒక్క పొడుపు పొడిచింది. "ఇదిగో, నొక్కాను. పాడు!"

బులిరాజు ఎగిరి గంతేశాడు. "చూశారాండి! నిర్వాహకురాలు దొరికిందండి!"

పరబ్రహ్మంగారు జీవో పేజీలు గబగబా తిప్పారు. ముందుకి తిప్పారు, వెనక్కి తిప్పారు. చివరికి లేచి నిలబడి గంభీరంగా ప్రకటించారు. "నిర్వాహకురాలు, ఎగతాళి చేయబడు వ్యక్తి, అనుమతి ఇచ్చు వ్యక్తి, ముగ్గురూ ఒక్కరే అయి ఉన్నారు. తన్ను తాను ఎగతాళి చేయించుకొనుట నేరమని జీవోలో లేదు. కార్యక్రమము కొనసాగవచ్చును. పాటను విచారణగా పరిగణించి, తడబాట్ల లెక్క వేయబడును."

మంగాయమ్మ వెనక్కి వెళ్లి విస్తరి ముందు చతికిలబడింది. అచ్చియ్యమ్మ లేచి, చెంగు దోపింది.

"వియ్యపురాలొచ్చిందీ ఇసురుకుంటా వచ్చిందీ
ఇసనకర్ర తనదంటా, గాలి మాత్రం మనదంటా!
పప్పు బాగోలేదందీ, పదిసార్లు వడ్డించాం
పులుసు బాగోలేదందీ, పులుసుగిన్నె యేదందీ?
కొడుకు సిక్కిపోయాడందీ, కొలవమంటే పెనిమిటినీ
కొలిచిసూసి కూకుందీ, కొడుకు మాట మరిచిందీ!"

బంతి మొత్తం విరగబడింది. వడ్డించేవాడు సాంబారు బకెట్టు కింద పెట్టి నవ్వాడు. మంగాయమ్మ కళ్లనీళ్లు తుడుచుకుంటూ, "మా ఆయన్ని కూడా ఒదల్లేదమ్మో!" అని పులిహోర మారు వడ్డించుకుంది. పదమూడు చరణాలు అయ్యాయి. పరబ్రహ్మంగారి రిజిస్టరులో ఒక్క గీత పడలేదు.

చివరి చరణం వచ్చింది.

"అన్నమాటలు మావే వదినా..." అని ఎత్తుకుంది అచ్చియ్యమ్మ. "మాలోనే ఉంచుకో వదినా..." అంది. "పిల్ల..." అంది.

ఆగింది.

నలభై అయిదేళ్లుగా ఊరి పిల్లలందరి కోసం పాడిన మాటే. ఆ పిల్లలెవరూ ఆవిడ ఒళ్లో పెరగలేదు. "పిల్ల..." అని మళ్లీ ఎత్తుకుంది. అందలేదు. వెనక్కి వెళ్లి "అన్నమాటలు" దగ్గర్నుంచి వచ్చింది. మళ్లీ అక్కడే కాలు జారింది. ఒక మాట ముందుకి, రెండు మాటలు వెనక్కి. మంగాయమ్మ నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది.

పెళ్లికూతురు పెదవులు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకున్నారు చూసినవాళ్లంతా. ఆమె లెక్కపెడుతోంది. పదకొండు. పన్నెండు. ఎర్రపెన్నుతో పరబ్రహ్మంగారూ గీతలు పెడుతున్నారు. పదిహేడు. పద్దెనిమిది. దొడ్డా, పందొమ్మిది. దొడ్డా, ఇరవై.

"పిల్లనేమీ అనకు వదినా," అని చరణం ముగించేసి అచ్చియ్యమ్మ చెంగు నోటికడ్డం పెట్టుకుంది.

మంగాయమ్మ ఎంగిలిచేత్తోనే లేచొచ్చి, "అననే, నేనేం అనను," అంటూ ఆవిడ్ని పట్టుకుంది.

పరబ్రహ్మంగారు గీతలు రెండుసార్లు కూడారు. ఆయన అద్దాలు తడిసి ఉన్నాయి. పెళ్లికూతురు దగ్గరికి వచ్చి, ఆఫీసులో ఎప్పుడూ మాట్లాడనంత మెల్లగా అడిగారు. "అమ్మా సత్యవేణీ, నాకు ఇరవై వచ్చాయి. వయసు మీద పడింది, చెవులు మందం. నీకు ఇరవై ఒకటి వచ్చి ఉంటాయేమో. నువ్వు ఎంతంటే అంత రాస్తాను."

సత్యవేణి దొడ్డకేసి చూసింది. రిజిస్టరుకేసి చూసింది.

"ఇరవయ్యేనండి సార్," అంది.

అలా ఆ కృతికర్త గడి ఖాళీగా ఉండిపోయింది. ఇప్పటికీ ఖాళీగానే ఉంది. సత్యవేణి చెప్పింది విని అచ్చియ్యమ్మ ఏమీ అనుకోలేదు. "ఉన్నదే కదే చెప్పావు," అంది. "ఇంకోటి తడుముకుంటే పిల్లని పంపేదాన్ని కాదు."

బులిరాజు ఆ రోజూ సెల్లు తెరిచే ఉంచాడు. నెల తిరక్కముందే అతని యంత్రం ఆ చివరి చరణాన్ని, ఆ వెక్కుతో సహా అచ్చంగా అల్లింది. జాగ్రత్త కోసం తనవంతుగా ఇంకొక తడబాటు చేర్చింది. ఇరవై ఒకటి అయ్యాయి. ప్రథమశ్రేణి మానవశ్రమ అని ముద్ర పడింది. కృతికర్త గడిలో బులిరాజు పేరు ఉంది. ఆ ఫైలుని పరిశీలించిన జూనియర్ అసిస్టెంటు, లెక్క సరిపోయింది కాబట్టి, సంతకం పెట్టింది. ఆ పూట అన్నం తినలేదు.

ఆ పాట ఇప్పుడు జిల్లా అంతటా పెళ్లిళ్లలో పెట్టెలోంచి వస్తోంది. 'పిల్ల' అన్నచోట ఆగుతుంది, వెనక్కి వెళుతుంది, ప్రతి పెళ్లిలోనూ సరిగ్గా అక్కడే గొంతు జీరపోతుంది. మీరూ ఎక్కడో బంతిలో కూర్చుని వింటారు. అప్పుడు ముద్ద నోట్లో పెట్టుకునే ముందు ఒక్క క్షణం ఆగండి. అందులో ఇరవై తడబాట్లు గుమ్మడిలంక అచ్చియ్యమ్మవి. ఆవిణ్ణి తలుచుకోండి. తలుచుకోవడానికి ఇంకా ఏ ఫారమూ రాలేదు.